ఉప్పందించిందెవరు?

బంకగదిలో కళ్ళు తిరిగి పడిపోయిన ముసలామెను బయటికి మోసుకొచ్చినందుకు సూపర్‌వైజరు నలుగురిని పనిలోంచి తీసేశాడు. బూట్లకు అడుగులు అతికించే గది అది. దాని కిటికీలకు మేకులు కొట్టేశారు. వాటిని తెరవాలని, నలుగురినీ మళ్ళీ తీసుకోవాలని ఫ్యాక్టరీ అంతా పని ఆపేసింది. యజమాని ఉలకలేదు, పలకలేదు. ఇళ్ళల్లో పొయ్యిలు చల్లబడ్డాక జనమే తలలు దించుకుని లోపలికి వెళ్ళారు.

ఆ సాయంత్రం సంఘం గదిలో మీటింగు.

"మన గుట్టంతా వాడికి ముందే తెలుసు, అందుకే దిగిరాలేదు. ఎవరో ఉప్పందించారు" అన్నాడు కటింగ్ మాస్టారు.

"ఇంకెవరు? ఆఫీసు ఊడ్చే మహాతల్లే!" అంది కుట్టుమిషను మీద పనిచేసే మిషనక్క.

చూపులన్నీ పిల్లి వదిన మీదికి తిరిగాయి. పిల్లి అంటే బంకగదిలో పనిచేసే పిల్ల. అడుగు చప్పుడు కాదు, నోరు పెగలదు, అందుకే ఆ పేరు.

"ఊడిస్తే దుమ్మొస్తుంది గానీ రహస్యాలొస్తాయా?" అంది వదిన. ఎవరూ నవ్వలేదు.

"ఈవిడ సంఘంలో వద్దు" అన్నాడు మాస్టారు.

లోలోపల పిల్లికీ వదిన మీద అనుమానమే. అయినా ఒక సంగతి మింగుడు పడటంలేదు.

"మాస్టారూ... మనం మరుగుదొడ్డికి ఎలా వెళ్తున్నాం?"

"ఏంటే పిల్లీ, ఇప్పుడా ఆ గోల?"

"పక్కకి తిరిగి వెళ్తున్నాం. గోడౌన్ చాలక దారంతా బూట్ల పెట్టెలు పేర్చారు. అంత సరుకుంటే మనం పని ఆపినా వాడికేం నష్టం? ఇంకొకరు చెప్పాలా?"

అందరికీ తిట్టడానికి మనిషి దొరక్కుండా పోయినట్టయింది.

"అయితే బడులు తెరిచే ముందు, పిల్లల బూట్లకి గిరాకీ ఉన్నప్పుడు ఆపాలి" అంది మిషనక్క చివరికి. "అప్పుడు పెట్టె పెట్టెకీ లారీ కాచుకుంటుంది."

"అందాకా ఆ బంకే పీల్చాలా?" అంది ముసలామె. ఆ రోజులు రాకముందే ఆమె పోయింది.

బడులు తెరిచే రోజులొచ్చాయి, గోడౌన్ ఖాళీ అయింది. లారీలు బారులు తీరాయి. జనం పని ఆపి గేటు ముందు వరసగా కూర్చున్నారు. తనకెవరూ క్షమాపణ చెప్పకపోయినా వదిన వచ్చి ముందు కూర్చుంది.

పోలీసు అధికారి ఆమె ముందు లాఠీ ఆడించాడు. "ఎవరు ఎగదోశారు మిమ్మల్ని? చెప్పు, మీ వెనక ఎవరున్నారు?"

వదిన తాపీగా వెనక్కి తిరిగి చూసింది.

"నా వెనక మా ఆడబిడ్డ. దాని వెనక మాస్టారు. ఆయన వెనక ఎవరో నా కంటికి ఆనటంలేదు సారూ, మీరే చూసుకోండి."

నవ్వులు గేటు దాటాయి. ఆమెను జుట్టు పట్టి వ్యాన్లోకి తోశారు.

పిల్లి లేచి వ్యానెక్కింది. దాని వెనక, తల ఎత్తలేక ఎత్తుతూ, మాస్టారు. వ్యాను నిండిపోయింది. వరస మాత్రం తరగలేదు.