సాల తలుపు తీసిన చెయ్యి

పొద్దున్నే తవుడు బక్కెట్టు పట్టుకుని వచ్చిన గ్లోరీకి పందులసాల తలుపు బార్లా తెరిచి కనిపించింది. గొళ్ళేనికి చుట్టిన ఇనప తీగను ఎవరో కత్తిరించి, గొళ్ళెం ఊడబెరికేశారు. లోపల ఒక్క పంది లేదు. రేపో మాపో ఈనాల్సిన పెద్ద పంది పడుకున్న చోట గడ్డి నలిగి ఉంది, అంతే.

"రాబర్టూ!" అని ఆమె అరిచిన అరుపుకి మొగుడు నిద్రకళ్ళతోనే పరిగెత్తుకొచ్చాడు.

గరివిడి దగ్గరి ఆ ఊళ్ళో జీవాలు లేని గడప అరుదు. పెద్ద రైతు నరసింగరావుకి పాడి గేదెలున్నాయి. కొండబాబుకి ఫారంకోళ్ళ షెడ్డుంది. ముసలి అసిరమ్మ గొర్రెలు కాస్తుంది. ఎవరి జీవాలు వాళ్ళకి అన్నం పెడుతున్నాయి. రాబర్టుకి ఫ్యాక్టరీలో పని ఉన్ననాడు ఉంటుంది, లేనినాడు లేదు. అందుకే గ్లోరీ విజయనగరం వెళ్ళి శిక్షణ తీసుకుని తెల్ల సీమపందుల్ని తెచ్చింది. ఊరి చివర తమ సొంత నేల చెక్కలో సిమెంటు గచ్చు వేయించి, రోజూ కడిగి, పిల్లల్ని సాకినట్టు సాకింది.

మొన్న వానాకాలంలో ఊళ్ళో జ్వరాలొచ్చాయి. ఈగలు ముసిరాయి. ఎవరన్నారో ఏమో, నింద పందుల మీద పడింది. కొండబాబు దాన్ని ఇంటింటికీ మోశాడు. పందుల్ని ఊరి వాగు దాటించి, గెడ్డ అవతలికి తోలుకుపొమ్మని నరసింగరావు రెండుసార్లు కబురు పెట్టాడు. గ్లోరీ వినలేదు. ఇదిగో, ఇప్పుడిలా అయింది.

మంచు కమ్మిన పొలాల్లో మొగుడూ పెళ్ళాం చెరో వైపు వెతికారు. బక్కెట్టు మోత విని చిన్న పందులు గెడ్డ గట్టు నుంచి ఒక్కొక్కటే వచ్చాయి. పెద్దది మాత్రం రాలేదు. దాని కోసం వెతుక్కుంటూ వెళ్ళిన గ్లోరీకి కొండబాబు పొలంలో ఎరువు కోసం కట్టిన గొర్రెల మంద దగ్గర అసిరమ్మ చెయ్యి ఊపుతూ కనిపించింది.

గడ్డివాము పక్కన పంది ఈని ఉంది. అసిరమ్మ తన గొంగళి తీసి పిల్లల మీద కప్పి, చలికి తానే వణుకుతోంది.

"మా గొర్రిలు బెదిరిపోనాయే. కర్రెట్టి తోలబోయినాను. తీరా సూస్తే నొప్పులు పడతంది. ఏటి సెయ్యమంటావు?" అంది. "రెండు బతకలేదమ్మీ. సలికి బిగుసుకుపోనాయి."

గ్లోరీ ఆ రెండు పిల్లల్నీ చేతుల్లోకి తీసుకుంది. ఇంకా తడి ఆరలేదు. ఏడుపు రావలసిన చోట ఆమెకి ఒళ్ళంతా మంట పుట్టింది.

"ఎవులు పిన్నీ? నువ్వేటైనా సూసినావా?"

అసిరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కొండబాబే. రాతిరి మీ సాల కాడ బండాపి, తలుపు తీసి ఎలిపోనాడు. ఈ గట్టు మీంచే సూసినాను. నా పేరెత్తకే. ఆడి పొలంలోనే మంద కడతన్నాను."

"ఎత్తను" అంది గ్లోరీ. రాబర్టుని అక్కడ కాపలా ఉంచి, చచ్చిన పిల్లల్ని తవుడు సంచిలో వేసుకుని, తిన్నగా పాలకేంద్రానికి నడిచింది.

పొద్దుటి పాలు పోసే వేళ. ఊరు సగం అక్కడే ఉంది. గ్లోరీ అరుగు మీద సంచి దులిపింది. క్యాన్ల పక్కన రెండు పిల్లలూ పడేసరికి అందరూ ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు.

"మా సాల తలుపు ఎవులు తీసినారు?"

నరసింగరావు కండువా సర్దుకున్నాడు. "సూడమ్మా, ఇది ఒకలిద్దరి మాట కాదు. ఊరే ఇసిగిపోనాది."

"ఊరికి సేతులుండవు బాబూ. తీసిన సెయ్యి ఎవులిది?"

ఆమె గొంతు పెరిగింది. "మీ గేదిల పెంట కాలవలోకి కారతంది. ఎవులైనా మీ గేదిల్ని ఇప్పేసినారా? కొండబాబు సచ్చిన కోళ్ళని గెడ్డలో పారేస్తన్నాడు. ఆ షెడ్డు ఈగలే మా కంచాల్లో వాల్తన్నాయి. ఆ షెడ్డు తలుపు నాను తీసినానా? అందరివీ జీవాలు, నావే రోగాలా? పందులు వంక బాబూ. మీరు తరమాలనుకున్నది మమ్మల్ని!"

"నోరు సూసుకో!" కొండబాబు మీదికొచ్చాడు. "నాను తీసినట్టు మాటాడతావేటి? సూసినోలుంటే తీసుకురా!"

గ్లోరీ పళ్ళు బిగబట్టింది. అసిరమ్మ పేరు నాలుక చివర్న ఉంది. మాటిచ్చిన పాపానికి మింగింది. అది చూసి కొండబాబు నవ్వాడు.

"నాను సూసినాను."

అందరూ వెనక్కి తిరిగారు. భుజాన గొంగళి లేకుండా, కర్ర పట్టుకుని అసిరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు.

కొండబాబు ముఖం నల్లబడింది. "ముసిల్దానా, ఇయ్యాలే నా పొలంలోంచి మంద లేపీ!"

"లేపేస్తాను రా! నా గొర్రిల గత్తానికి ఇంకో పొలం దొరకదేటి? ఈనబోయే జీవాన్ని సలిలోకి తోలినోడివి, నువ్వు నా కాడ మాటాడకు!"

నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. జరిగిందేదో జరిగింది, ఊళ్ళోనే సర్దుకుందాం, తలుపు కొండబాబు చేతే బాగుచేయిస్తానన్నాడు.

"నాను ఠాణాకే ఎల్తాను" అంది గ్లోరీ. అరుగు మీది పిల్లల్ని సంచిలోకి తీసుకుంది. ఎవరూ అడ్డు రాలేదు.

పోలీసులు కొండబాబుని పిలిపించారు. గంటల తరబడి నిలబెట్టి, మళ్ళీ ఆ సాల జోలికి పోనని సంతకం పెట్టించారు. అంతకంటే ఏమీ చేయలేదు. అతని కోళ్ళ షెడ్డు ఉన్నచోటే ఉంది. ఈగలూ ఉన్నాయి. కానీ గెడ్డ అవతలికి పొమ్మనే కబురు మళ్ళీ రాలేదు. అసిరమ్మ మంద రాబర్టు వాళ్ళ చెక్కలోకి మారింది.

నరసింగరావు చెప్పినట్టే కొండబాబు తలుపు బాగుచేయడానికి వచ్చాడు. గ్లోరీ చేతులు కట్టుకుని, అతను మేకు కొట్టినంతసేపూ అక్కడే నిలబడింది. పని అయ్యాక చెమట తుడుచుకుంటూ, ఆ ఇంట ఏనాడూ మంచినీళ్ళు ముట్టని మనిషి, "గుక్కెడు నీళ్ళిస్తావేటి?" అన్నాడు.

"ఈదిలో కొళాయి ఉన్నాది" అంది గ్లోరీ. కొత్త గొళ్ళెం లాగి చూసుకుని, పందికి తవుడు కలపడానికి లోపలికి వెళ్ళిపోయింది.