నలభై రెండో రోజు

మా మరిది రోహిత్ గంజాయిని గంజాయి అనడు, మొక్క అంటాడు. వింటే ఎవరికైనా, తులసి పక్కన కుండీలో పెట్టి నీళ్లు పోసుకునేదేమో అనిపిస్తుంది. మూడేళ్లుగా అతను ఆఫీసు నుంచి వస్తూ ఖాజాగూడ రాళ్ల దగ్గర స్నేహితులతో అరగంట ఆగి, మదీనాగూడలో మేముండే అపార్ట్‌మెంటుకు మహా ప్రశాంతంగా చేరేవాడు. ఆదివారం ఆఫీసు లేదు కాబట్టి టెర్రస్ ఎక్కేవాడు. ఆ ప్రశాంతతను మా ఆయన రవికిరణ్ తమ్ముడి మంచితనం అనుకునేవారు. నేనూ కొన్నాళ్లు అదే అనుకున్నాను. ఒక సాయంత్రం పొద్దుటి ఉప్మాను రెండుసార్లు పెట్టించుకు తిని, అద్భుతంగా ఉందన్నాడు. అప్పుడు అనుమానం వచ్చింది.

కార్తీకమాసం మొదట్లో తనే చెప్పాడు. నా మీద గౌరవంతో కాదు, దేవిశ్రీ మీద భయంతో. దేవిశ్రీ అతని ఆఫీసులోనే పనిచేస్తుంది, రెండేళ్లుగా ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు. సాయంత్రాన్ని మామూలుగా భరించలేని మనిషిని నేను చేసుకోను, నువ్వు మానేశాకే మా ఇంట్లో నీ పేరు ఎత్తుతాను అని ఆ అమ్మాయి తేల్చేసింది.

"అది అసలు అలవాటే కాదు వదినా. సిగరెట్ లాంటిది కాదు. ఎప్పుడనుకుంటే అప్పుడు ఆపేయొచ్చు. మొక్కేగా."

నేను బోటనీ చదివినదాన్ని. ఉమ్మెత్త కూడా మొక్కే అన్నాను. అంత తేలికైతే సోమవారం నుంచి ఆపెయ్యమన్నాను.

సోమవారం ఆపేశాడు. మంగళవారం నన్ను చూసి జాలిగా నవ్వాడు, చూశావా అన్నట్టు. బుధవారం రాత్రంతా నిద్ర లేదు. గురువారం పొద్దున పక్క దుప్పటి పిండితే నీళ్లు కారేలా ఉంది, అంత చెమట. గురువారం సాయంత్రం పెరుగు ప్యాకెట్ చిరగలేదని దానితో పోట్లాడి, ప్యాకెట్ గెలిచాక బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. నా పెసరట్టును ముట్టుకోలేదు. మా ఇంట్లో అది ఎప్పుడూ జరగని సంగతి.

డాక్టరైన నా కాలేజీ స్నేహితురాలు అనూషకు ఫోన్ చేశాను. తాగిన ప్రతివాడూ ఇరుక్కోడు గానీ, పదిమందిలో ఒకరో ఇద్దరో, రోజూ తాగేవాళ్లలో అంతకంటే ఎక్కువమంది ఇరుక్కుంటారని చెప్పింది. మొదటి వారం గడ్డుగా ఉంటుంది, రెండు మూడు వారాలకు నెమ్మదిస్తుంది, నిద్ర మాత్రం ఇంకాస్త సతాయిస్తుందట. "వాడికి ప్రమాదమేం లేదే. ఇంట్లో ఉన్న మీకే కష్టం" అంది. మరీ దిగులుపడిపోతే మాత్రం తన దగ్గరికి తీసుకురమ్మంది.

ఆ కష్టం శుక్రవారం మా ఆయన కంటపడింది. వీడికేమైంది, జ్వరమా, ఉద్యోగం పోయిందా అని అడిగారు. రోహిత్ నా వంక చూశాడు. నిజం చెబితే సోమవారానికల్లా ఏలూరు నుంచి మా అత్తగారు దిగుతారు. అయ్యప్ప మాల వేసుకోవాలనుకుంటున్నాడండీ, ఇప్పటినుంచే నియమం పాటిస్తున్నాడు అనేశాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మా ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రానికి ఏలూరులో బంధువులందరికీ కబురు వెళ్లిపోయింది. ఇక తప్పించుకునే దారి లేదు.

దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నానని కాస్త బెరుకుగానే ఉంది. అయితే ప్రమోషన్ కోసం మాల వేసుకున్నవాళ్లు మా బ్లాకులోనే ముగ్గురున్నారు. వాళ్లకంటే మావాడి కారణమే నయమనిపించింది.

మా అపార్ట్‌మెంట్‌లో గురుస్వామి ఎల్లేశం. సెక్యూరిటీ సూపర్‌వైజర్. పద్దెనిమిది సార్లు కొండ ఎక్కినవాడు కాబట్టి, మామూలప్పుడు అతని సలామును చూడకుండా కారు పోనిచ్చే మేనేజర్లు కూడా కార్తీకంలో అతని కాళ్లకు మొక్కుతారు. రోహిత్ మెడలో మాల వేస్తూ ఎల్లేశం చెవి దగ్గర నెమ్మదిగా చెప్పింది పక్కనే ఉన్న నాకూ వినిపించింది.

"ఐతారం ఐతారం టెర్రస్ మీద వచ్చే వాసన ఇగ రాదు గదా, స్వామి?"

రోహిత్ మెడ ఇంకాస్త వంచాడు.

తీరా చూస్తే దీక్ష అతని కోసమే కుట్టించినట్టు సరిపోయింది. ఎలాగూ నిద్ర పట్టదు కాబట్టి తెల్లవారుజామున లేవడం కష్టం కాలేదు. చెమటలకు చన్నీళ్ల స్నానం హాయిగా ఉంది. ఆకలి లేదు, ఒంటిపూట భోజనం చాలు. కోపం ఒక్కటే కుదరలేదు. స్వాములు కోప్పడకూడదు. ఆఫీసు మీటింగులో ఎవరో విసిగిస్తే పళ్లు బిగించి "స్వామి శరణం" అన్నాడట, అవతలివాడు భయపడి క్షమాపణ చెప్పాడట.

రెండో వారంలో కలలు మొదలయ్యాయి. మత్తులో ఉన్నన్నాళ్లూ కలలు సరిగ్గా రావు, మానేశాక ఆగినవన్నీ సిగ్నల్ పడ్డ బండ్లలా ఒక్కసారే మీదికొస్తాయని అనూష ముందే చెప్పింది. ఆఫీసు గేటు దగ్గర ఐడీ కార్డు లేక ఏనుగు నిలబడిపోయిందని, తన కార్డుతో దాన్ని లోపలికి పంపించానని రోహిత్ భజనలో నోరు జారాడు. స్వాములంతా పాట ఆపి చుట్టూ చేరారు. ఏనుగంటే గణపతి, గణపతంటే అయ్యప్పకు అన్న, అన్నకు దారి ఇచ్చినవాడికి తమ్ముడి దర్శనం ఖాయమని తేల్చారు. మర్నాటి నుంచి మా ఇంటికి మనుషులు వచ్చి, రాత్రి ఏం కనిపించింది స్వామీ అని అడిగి వెళ్లేవారు. నేను అందరికీ అటుకులు పెట్టాను. ఎల్లేశం మాత్రం ఏమీ అడగలేదు.

ఇరవయ్యో రోజున దేవిశ్రీ వచ్చింది. నల్లబట్టల్లో కాబోయే మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది గానీ, ముచ్చటపడలేదు.

"మా నాన్న ఏటా వేసుకుంటారక్కా" అంది నాతో. "నలభై ఒక్క రోజులు దేవుడే. నలభై రెండో రోజు సాయంత్రానికి సీసా వచ్చేస్తుంది. అందుకని ఈ నలభై ఒకటీ నేను లెక్కపెట్టను. ఆ మర్నాటి నుంచే నా లెక్క."

ఆ మాట రోహిత్‌కు బాగా గుచ్చుకుంది. కానీ నెల దాటేసరికి నిద్ర పట్టింది, ఆకలేసింది, దాంతోపాటే పాత ధీమా కూడా వచ్చింది. చూశావా వదినా, ఆపేశానుగా, అలవాటైతే ఆపగలనా అన్నాడు. పెరుగు ప్యాకెట్ సంగతి గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను.

కొండకు వెళ్లొచ్చారు. శుక్రవారం గుడిలో ఎల్లేశం మాల తీశాడు. రైల్లో గడిచిన రోజుల్ని పక్కనపెడితే, శనివారం దేవిశ్రీ చెప్పిన నలభై రెండో రోజు. పొద్దున్నుంచి ఎవరూ అతన్ని స్వామి అనలేదు. కల ఏమొచ్చిందని అడగలేదు. సాయంత్రం ఐదింటికి స్నేహితుడు సంతోష్ ఫోన్ చేశాడు, అందరూ రాళ్ల దగ్గరే ఉన్నారట. రోహిత్ హాల్లో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు. ఊరికే కలిసి వస్తానన్నాడు. బండి తాళం తీసుకున్నాడు. నేను వద్దనలేదు. నేను వద్దంటే ఆగినవాడు నా మాటకు ఆగినట్టే, దేవిశ్రీకి అది పనికిరాదు.

ఖాళీ చెత్తడబ్బా ఒకటి పట్టుకుని వెనకే దిగాను.

గేటు తెరిచే ఉంది. రోహిత్ బండి మీద కూర్చున్నాడు, ఇంజిన్ తిరుగుతోంది, బండి కదలడం లేదు. వెనక రెండు కార్లు హారన్ కొడుతున్నాయి. ఎల్లేశం దగ్గరికొచ్చాడు.

"పోతవా, ఉంటవా? ఏదో ఒకటి జెప్పు స్వామి. ఎనక బండ్లు ఆగినయి."

స్వామి అని అలవాటుకొద్దీ అన్నాడో, కావాలని అన్నాడో తెలియదు. రోహిత్ ఇంజిన్ ఆపేశాడు. బండి పక్కకు నెట్టి, హెల్మెట్ తియ్యడం కూడా మరిచిపోయి, ఫోన్ స్పీకర్లో పెట్టి దేవిశ్రీకి చేశాడు.

"వెళ్దామని బయల్దేరాను. ఊరికే కలవడానికి అని వదినకు చెప్పాను. ఊరికే కాదు. ఇన్ని రోజులైనా ఇంకా లాగుతోంది దేవీ. అలవాటే ఇది. నాకు అలవాటైపోయింది."

మూడేళ్లలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. దేవిశ్రీ ఒక్కటే అడిగింది.

"ఎక్కడున్నావ్?"

"గేటు దగ్గర."

"అక్కడే ఉండు. వస్తున్నా."

దేవిశ్రీ ఉండే గచ్చిబౌలి నుంచి మదీనాగూడకు శనివారం సాయంత్రం గంటా పది నిమిషాలు. ఎల్లేశం అతన్ని తన గదిలో కూర్చోబెట్టి వచ్చేపోయేవాళ్ల రిజిస్టర్ చేతికిచ్చాడు. మొదటి అరగంట అక్షరాలు వంకర్లు పోయాయి. తర్వాత కుదురుకున్నాడు. డెలివరీ వాళ్లను ఎంత గట్టిగా ప్రశ్నించాడంటే, ఒకతను పిజ్జా అక్కడే వదిలేసి వెళ్లిపోబోయాడు. నేను ఆ ఖాళీ డబ్బాతోనే మొక్కల దగ్గర నిలబడి అన్నీ చూశాను.

దేవిశ్రీ ఆటో దిగింది. అతని ముఖంలోకి, ముఖ్యంగా కళ్లలోకి, చాలాసేపు చూసింది. రోహిత్ రిజిస్టర్లో ఆమె పేరు రాసి, ఫ్లాట్ నంబరు రాసి, వచ్చిన పని అనే గడి దగ్గర ఆగిపోయాడు. ఆమె పెన్ను లాక్కుని తనే రాసింది. ఇద్దరూ లిఫ్టు వైపు వెళ్లారు.

వాళ్లు కనుమరుగు కాగానే ఎల్లేశం రిజిస్టర్ నా వైపు తిప్పాడు. ఆ గడిలో 'పెళ్లిచూపులు' అని ఉంది.

"రేపు గూడ వస్తదంట" అన్నాడు. "రేపు గూడ గిదే రాయాల్నా, మేడం?"

ఇదే రాయించమన్నాను.