ప్రతి సోమవారం సున్నా

అగ్నిపర్వతం మీద నిఘా పెట్టే ఆ ఆఫీసులో కొలతల గుమాస్తాకి పని ఒక్కటే. కొండ ఎంత ఒరిగిందో చూపించే యంత్రాన్ని రోజూ చదివి రాసుకోవాలి. సోమవారం పొద్దున్నే దాన్ని సున్నాకి తిప్పాలి. ఈ రెండోది డైరెక్టరుగారి సరదా. "వారం సున్నాతో మొదలైతే గ్రాఫు చూడముచ్చటగా ఉంటుందయ్యా" అన్నారాయన కుర్చీ ఎక్కిన రోజునే. వారానికి కొండ ఒరిగేది వెంట్రుకవాసి. వెంట్రుకవాసికి ఎవరు భయపడతారు చెప్పండి? అలా పదకొండేళ్లుగా గుమాస్తా వారవారం "కొండ ప్రశాంతం" అని ప్రకటన రాసి, కింద సంతకం గీకుతూనే ఉన్నాడు.

ఒక వాన మధ్యాహ్నం ఏమీ తోచక, పాత పుస్తకాలు తీసి, సున్నా చేయకముందు ఉన్న అంకెలన్నీ కూడాడు. నమ్మకం కలగక మళ్లీ కూడాడు. కొండ పదకొండేళ్లూ ఒకే వైపు ఒరుగుతోంది, ఈ నెలలో మరీ జోరుగా. లోతుల్లోంచి పైకొచ్చిన మాగ్మాకి శిఖరం కింద గట్టిరాయి అడ్డం తగిలినట్టుంది. దాంతో మాగ్మా పక్కకి జరిగి, తూర్పు వాలు కింద చాప కింద నీరులా పరుచుకుంటోంది. అక్కడే చల్లారి గడ్డకడితే సరే. పగులు దొరికిందా, పైకి తన్నుకొస్తుంది. తూర్పు వాలు మీదే అతని అక్క కుట్టు దుకాణం, వెనక గదిలో కాపురం. గుమాస్తా పుస్తకాలు చంకన పెట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాడు.

డైరెక్టరుగారు అంతా విని, గోడమీది పటం చూపించారు.

"మాగ్మా ఉండేది ఇక్కడ, శిఖరం కింద. అచ్చేసి ఉంది చూడు. దాని చోటు మార్చాలంటే కమిటీ తీర్మానం కావాలి."

"ఆ సంగతి దానికి తెలియదు సార్."

"నీకు తెలుసుగా. కమిటీ మూడు నెలల తర్వాత కూర్చుంటుంది. అందాకా ప్రశాంతం అనే రాయి."

గుమాస్తా అటునుంచి అటే అక్క దగ్గరికి పరిగెత్తాడు. ఈ పూటే ఊళ్లోకి వచ్చెయ్యమన్నాడు. అక్క మిషన్ ఆపలేదు. చొక్కా కాలర్ల కొలతలకి ఆమె కత్తిరించుకునేది తమ్ముడు తెచ్చిచ్చే పాత ప్రకటనలనే. అందులోంచి రెండు తీసి ముందు పెట్టింది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే."

"ఇది?"

"నాదేనక్కా."

"పదకొండేళ్లూ పడుకుందన్నావు, ఇవాళ లేచిందంటున్నావు. నీ ఏ మాట నమ్మాలిరా? ఆఫీసు కాగితం పట్టుకురా, కదులుతాను."

గుమాస్తాకి సిగ్గుతో తల తీసేసినట్టయింది. పక్కింటి పిల్లి దూకినా ఉలిక్కిపడే మనిషి. అలాంటివాడు స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఆఫీసుకి పోవా?" అంది అక్క.

"పోను. నువ్వు కదిలేదాకా నేనూ ఇక్కడే."

గుమ్మంలోంచి కొండకేసి మాటిమాటికీ చూస్తున్నాడు, స్టూలు మాత్రం వదల్లేదు. అక్క అది గమనించింది. తర్వాత మిషన్ ఆపి, గుమ్మంలోకి వెళ్లి పక్కింటావిడని పిలిచింది.

"వదినా, పిల్లల్ని తీసుకుని బయల్దేరు. కొండ లేస్తోంది."

"ఆఫీసు కాగితం వచ్చిందా?"

"రాలేదు. మా తమ్ముడు పారిపోకుండా కూర్చున్నాడు."