పండగకు దాచిన పంక్తులు

సోమవారం పొద్దున ఏడింటికే యూదుల ప్రార్థనామందిరం సినగాగ్‌కు వచ్చిన థెల్మాకు కాలు ఒకచోట నిలవలేదు. కోటు విప్పి కొక్కేనికి తగిలించింది, మళ్ళీ తీసి వేసుకుంది. ఫోన్ చూసుకుంది. ఆసుపత్రిలో సెఫ్టన్ దగ్గరున్న ఆయన కూతురు రుతీ నుంచి ఏ కబురూ లేదు. వంటగదిలోంచి ఊరబెట్టిన చేపల వాసన, కేకు వాసన కలిసి వస్తున్నాయి. ఆమె వెళ్ళి వంటగది తలుపు మూసేసింది. చేసిన నిర్వాకం అలాంటిది మరి!

పస్కా పండగకు ముందురోజు తొలిచూలు కొడుకులు ఉపవాసం ఉండాలి. అయితే ఆ పొద్దున ఎవరైనా తమ ధర్మశాస్త్రమైన తాల్ముద్‌లో ఒక గ్రంథం పూర్తి చేస్తే అది వేడుక, కూర్చుని విన్నవాళ్ళంతా తినొచ్చు. అందుకే గ్లాస్గోలోని ఈ చిన్న సినగాగ్‌లో బుధవారం పాఠానికి వచ్చే పెద్దవాళ్ళు, చివరి పంక్తులను ఫిబ్రవరి నుంచి చదవకుండా అట్టేపెట్టారు. పూర్తి చేసే మనిషి మొదటి పేజీ నుంచి చదివి ఉండాలి. ఏడేళ్ళలో ఒక్క పేజీ కూడా వదలనివాళ్ళు ఇద్దరే, సెఫ్టన్, థెల్మా. మతగురువు రబ్బీ గిడియన్ కూడా మధ్యలో వచ్చినవాడే.

సెఫ్టన్‌కు ఎనభై నాలుగేళ్ళు. ఒకప్పుడు కళ్ళద్దాల కొట్టు నడిపాడు. థెల్మా కారు నడపడం నేర్పేది. భర్త పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక పాఠానికి వచ్చి, మొదటిరోజు అక్షరాలు కూడబలుక్కుంటుంటే పక్కన కూర్చున్న సెఫ్టన్ ఊరుకున్నాడా?

"డ్రైవింగ్ నేర్పేదానివి, ఇంత నెమ్మదా?"

"మీలాంటివాళ్ళు పక్కన కూర్చుని బ్రేకు తొక్కుతుంటే ఇంతే!"

అప్పటినుంచి ఇద్దరికీ కలిపి ఒకటే పుస్తకం.

పోయిన గురువారం ఆయన ఆసుపత్రిలో చేరాడు. మర్నాడు గుండె ఆపరేషన్. ఏడేళ్ళు చదివిన మనిషి చివరి మాట వినకుండానే పోతే? ఆ ఆలోచన వచ్చాక థెల్మాకు ముద్ద దిగలేదు. సినగాగ్ అల్మరాలోంచి పుస్తకం లాగి, సంచిలో పడేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది.

"ఇది సోమవారానిది కదమ్మాయ్," అన్నాడు సెఫ్టన్.

"సోమవారం సంగతి సోమవారం చూద్దాం. చదవండి."

"తొలిచూలు కొడుకు కదా, మన మోరిస్ పస్తుండాల్సొస్తుంది. వాడు ఆకలికి ఆగలేడు, నిన్ను పీక్కుతింటాడు."

"తిననీండి. మీరు ముందు చదవండి!"

"సరే తల్లీ. కాసిని మంచినీళ్ళు పట్టుకురా. గొంతు ఎండిపోతోంది."

ఆమె నీళ్ళు తెచ్చాక చదివాడు. థెల్మా పుస్తకం వైపు చూడలేదు, ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. పేజీ అడుగుకు వచ్చాక "చాలు" అని మూసి, పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కారులో కూర్చుని భోరుమని ఏడ్చింది.

శుక్రవారం ఆపరేషన్ అయింది. సోమవారం వచ్చినా ఆయన కళ్ళు తెరవలేదు.

ఇప్పుడు బల్ల చుట్టూ పదకొండు మంది పెద్దకొడుకులు కూర్చున్నారు. అందరిలోకీ పెద్దవాడు మోరిస్, చెవిటి మనిషి.

"కానీయవమ్మా థెల్మా! కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి."

"సెఫ్టన్ గారి బదులు మీరే చదవాలి," అన్నాడు రబ్బీ గిడియన్.

ముగించేసిన దాన్నే మళ్ళీ ముగించినట్టు నటిస్తే అది దొంగ వేడుక. తెలిసి తెలిసి పదకొండు మంది ఉపవాసం చెడగొట్టడం. నోరు విప్పితేనో, చావుబతుకుల్లో ఉన్న మనిషి పేరు పదిమంది నోళ్ళలో పడుతుంది. ఎటూ పాలుపోలేదు. కుర్చీలో కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. చివరికి ఉండబట్టలేక కక్కేసింది.

"ఇది అయిపోయింది రబ్బీ. గురువారమే ఆసుపత్రిలో మేమిద్దరం చదివేశాం. ఆయన వద్దనే అన్నాడు. తప్పంతా నాది."

ఒకరిద్దరు కుర్చీలు వెనక్కి జరిపారు.

"ఏమంటోంది?" అన్నాడు మోరిస్. పక్కాయన చెవిలో అరిచి చెప్పాడు. "అంటే తిండి లేదా?"

రబ్బీ పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపాడు. "ఎంతవరకు చదివారో చూపించండి."

థెల్మా పుస్తకం తెరిచి, పేజీలో అట్టడుగు పంక్తి మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇక్కడిదాకా."

రబ్బీ ఆ వేలు పక్కకు జరిపి పేజీ తిప్పాడు. వెనకవైపు ఇంకా రెండు పంక్తులున్నాయి! వాటి పక్కన పెన్సిలుతో, కళ్ళద్దాల చీటీలు రాసి రాసి అరిగిన చేతిరాత: "థెల్మా, ఇవి నీ వంతు. గట్టిగా చదువు, మోరిస్‌కి వినపడదు."

నీళ్ళు తెమ్మన్నది ఇందుకా! ఆయనకు చివరి మాట దక్కాలని దొంగతనంగా మోసుకెళితే, ఆ చివరి మాట వినకుండానే కత్తి కిందకు వెళ్ళాడా! థెల్మాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎంత పని చేశావురా ముసలోడా!" అంది పైకే. ఏడేళ్ళలో ఆయన్ని ఎన్నడూ నువ్వు అని కూడా అనలేదు.

తర్వాత చదివింది. రెండుచోట్ల తడబడి కూడబలుక్కుంది. అయినా మోరిస్‌కి వినపడేంత గట్టిగా చదివింది. అందరూ లేచి ఆమెకు అభినందనలు చెప్పి, పళ్ళేల మీద పడ్డారు. మోరిస్ తన చేత్తోనే ఆమెకు పెద్ద కేకు ముక్క తెచ్చిచ్చాడు. నాలుగు రోజుల తర్వాత ఆమెకు ఆకలేసింది.

సగం ముక్క నోట్లో ఉండగా ఫోన్ మోగింది.

"నాన్న కళ్ళు తెరిచాడు థెల్మా!" రుతీ ఏడుస్తూ నవ్వుతోంది. "లేస్తూనే 'వాళ్ళు తిన్నారా?' అని అడుగుతున్నాడు. ఏం తినడం? ఎవరు? నాకేం అర్థం కావట్లేదు, నువ్వు చెప్పు."

థెల్మా చెప్పాలనుకుంది. నోటినిండా కేకు.