ఎరగమన్న ఊరు

కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరిన మా అక్క కనకకు ఆ ఇంటివాళ్లు జీతం ఎగ్గొట్టి, పాస్‌పోర్టు దాచేశారు. కట్టుబట్టలతో పారిపోయి మన ఎంబసీలో పడింది. అక్కడ అన్నం పెట్టారు, పడుకోవడానికి చోటిచ్చారు. టికెట్టు కూడా సర్కారే కొంటుందట. ఈమె ఫలానా ఊరి మనిషేనని ఇక్కడి పోలీసులు విచారించి రాస్తే చాలు, విమానం ఎక్కిస్తామన్నారు.

ఇంత సులువైన పనిని మా అయ్య సోంబరు ఒక్క మాటతో చెడగొట్టాడు.

నేను హుకుంపేట సంతకు వెళ్లినప్పుడు కానిస్టేబుల్ మా ఊరొచ్చాడు. కాఫీ గింజలు ఎండబోస్తున్న అయ్యను పిలిచి, "కనక అనే అమ్మాయిది ఈ ఊరేనా?" అని అడిగాడు.

"ఆ పేరు గల గుంట మా ఊర్లో నేదు బాబూ," అన్నాడట అయ్య. చుట్టూ ఉన్నవాళ్లంతా అవునని తలలూపారట. మా కొండల్లో ఖాకీ బట్టలవాడు పేరు పెట్టి అడిగితే, ఆ మనిషి పక్కనే కూర్చుని ఉన్నా ఎరగమనడం మాకు వెన్నతో పెట్టిన విద్య.

"మీ అక్కని పోలీసోల్ల నుంచి కాసీసినాను," అని సాయంత్రం నాతో గొప్పగా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పోలీసులు ఎందుకొచ్చారో విడమరిచి చెప్పేసరికి ఆయన ముఖం పాలిపోయింది. స్టేషన్‌కు నేను వెళ్తానంటే ఒప్పుకోలేదు.

"అబద్దం ఆడినోడ్ని నాను. నానే ఎల్తాను. నువ్వూ బేగి తెమలు."

పొద్దున్నే జీపెక్కాం. స్టేషన్ గడప తొక్కడం అయ్యకు అదే మొదలు.

"నిన్న అలాంటి మనిషే లేదన్నావు, ఇవాళ కూతురంటున్నావు. ఏది నమ్మమంటావు?" అన్నాడు ఎస్సై.

నేను బెదరలేదు. ఎంబసీవాళ్ల నంబరుకు వీడియో కాల్ చేసి, అక్క తెర మీదికి రాగానే ఫోను ఆయన చేతిలో పెట్టాను. ఎస్సై దాన్ని అయ్యవైపు తిప్పాడు. "ఈయన ఎవరమ్మా?"

అక్క ఖాకీ చొక్కాను చూసింది. దాని పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చున్న అయ్యను చూసింది.

"ఎరగను బాబూ," అంది తడుముకోకుండా.

ఎస్సై విరగబడి నవ్వాడు. "సందేహం లేదు, మీ ఊరి మనిషే!"

అయ్య బెంచీ మీంచి లేచిపోయాడు. "నన్నెరగవేటే గుంటా! నాను నీ అయ్యని!" అని గది అదిరేలా అరిచాడు.

అక్క భోరుమంది. "మా అయ్య ఏటీ సేయనేదు బాబూ, ఒగ్గీయండి!"

ఎస్సై నవ్వడం మానేశాడు. ఫోను దగ్గరగా తీసుకున్నాడు.

"ఈయన్ని ఎవరూ పట్టుకోలేదమ్మా. నువ్వు తన కూతురివని చెప్పడానికి తనంతట తానే వచ్చాడు."