మూడు గంటల ఎండ

శనివారం పొద్దున్నే కృష్ణవేణి ఆంటీ ఒక చేతిలో ప్లాస్టిక్ షీటు, ఇంకో చేతిలో మినప్పిండి గిన్నె పట్టుకుని మేడ మీదికొచ్చింది. అమెరికాలో, సియాటిల్ పక్కనే ఉన్న రెడ్‌మండ్‌లో ఆవిడ ఇంటి పై భాగంలో ఇద్దరు అమ్మాయిలు అద్దెకుంటున్నారు.

"హంసికా, ఎండ వేశావా?" అంది తలుపు తోస్తూనే.

"వేస్తున్నా ఆంటీ, లోడ్ అవుతోంది."

హంసిక గేమ్ ఆర్ట్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి తను ఒంగోల్లో చదివిన బడి వరండాని కంప్యూటర్లో కట్టింది. పగిలిన గచ్చు, గోడవారన బెంచీ, ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళ కోసం సంచీ ఒళ్ళో పెట్టుకుని చూస్తున్న ఒక పాప. వరండాలో మధ్యాహ్నం మూడు గంటల ఎండ ఏటవాలుగా పడుతూ ఉంటుంది. ఆ ఎండ తెర దగ్గర ఆగేది కాదు. బయటికొచ్చి కార్పెట్ మీద రెండు చాపల మేర పరుచుకునేది. ఆంటీ అందులో వడియాలు ఎండబెట్టుకునేది. ఆవిడ భర్త వీరభద్రరావు అంకుల్ వాకింగ్‌లో తడిసిన బూట్లు తెచ్చి ఓ మూల పెట్టి వెళ్ళేవాడు.

కాలేజీలో మొదటిసారి ప్రొజెక్టర్ మీద వేసినప్పుడు క్లాసులో అందరూ స్వెట్టర్లు విప్పేశారు. ప్రొఫెసర్ డయాన్ బ్యాగులోంచి చలవ కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది.

"వెలుతురు చాలా బాగా చేశావు. కానీ గేమ్ అన్నాక ఆడేవాళ్ళకి ఏదో పని ఉండాలిగా?"

"కూర్చోవచ్చు," అంది హంసిక.

"తర్వాత?"

"పాప పక్కకి జరిగి చోటిస్తుంది."

ప్రొఫెసర్ నవ్వింది.

ఆ ఇంట్లో ఉండే రెండో అమ్మాయి కావ్యశ్రీ. కరీంనగర్ పిల్ల, డేటా సైన్స్ చదువుతోంది. దీపావళి దాకా ఇల్లంతా ఆమె గొంతే వినపడేది. నవంబరులో చలికాలం లెక్కన గడియారాలు గంట వెనక్కి జరిగి, నాలుగున్నరకే చీకటి పడడం మొదలయ్యాక మాట తగ్గింది. తర్వాత తిండి తగ్గింది. ఆ తర్వాత క్లాసులు మానేసింది. దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకునేది. క్లాసులకి రాకపోతే స్టూడెంట్ వీసా నిలబడదనీ, నెలాఖరులోగా వచ్చి కలవమనీ కాలేజీ అడ్వైజర్ మెయిల్ పెట్టాడు. దాన్ని చదివి ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఆ పిల్లని కూడా ఇక్కడ పడుకోబెట్టమ్మా," అంది ఆంటీ, వడియాల షీటు పక్కకి లాగుతూ.

హంసిక ఆమెని లేపి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఎండలో పడుకోబెట్టింది. కావ్యశ్రీ దుప్పటి తియ్యలేదు. చాలాసేపటికి పాదాలు మాత్రం బయటికొచ్చాయి. మర్నాడు తనే వచ్చి పడుకుంది. రోజూ హంసిక కాలేజీకి వెళ్తూ కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచేది. కొన్నాళ్ళకి దుప్పటి మంచం మీదే ఉండిపోయింది. ఓ సాయంత్రం పెరుగన్నం తింటూ కావ్యశ్రీ తెర వంక చూసింది.

"ఆ పాపని తీస్కపోనీకి ఎవరొస్తరు?"

"ఇంకా ఆలోచించలేదు."

"లేటైనా వస్తరు కదా?"

"వస్తారు," అంది హంసిక.

అప్పుడే ఇంటర్న్‌షిప్ మాట వచ్చింది. సియాటిల్‌లో దెయ్యాల గేములు చేసే ఓ కంపెనీకి వరండా తెగ నచ్చింది. అదే వరండాని అర్ధరాత్రి, హోరున వానలో, భయం పుట్టేలా మార్చి పంపితే తీసుకుంటామన్నారు. "ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు," అంది ప్రొఫెసర్. హంసికకీ తెలుసు. చదువు అయిపోవస్తోంది, క్లాసులో సగం మందికి ఇంకా ఏమీ దొరకలేదు.

కానీ తన వెలుతురు సంగతి కూడా ఆమెకి తెలుసు. కిందటి సెమిస్టర్‌లో పొగమంచు పొద్దు ఒకటి చేసింది. అప్పట్లో గదిలో కర్టెన్లు చెమ్మగిల్లేవి. దాన్ని మిట్టమధ్యాహ్నంగా మార్చి, మళ్ళీ వెనక్కి తిప్పితే మంచు కనపడింది కానీ కర్టెన్లు తడవలేదు. వరండాకి కాపీ తీసి చూసింది. కాపీలో ఎండ అచ్చం అలాగే ఉంది, చెయ్యి పెడితే మాత్రం వెచ్చగా లేదు. చల్లటి కాపీని మార్చి పంపుదామని రాత్రిని కట్టింది. అందులో వాన వాన కాదు, చీకటి చీకటి కాదు. కంపెనీ వాళ్ళు చూసి, ఇందులో ప్రాణం లేదు, అసలుదాన్నే మార్చి పంపమన్నారు.

ఆ ఆదివారం హంసిక మౌస్ మీద చెయ్యి వేసి కూర్చుంది. పక్కనే ఎండలో కావ్యశ్రీ నిద్రపోతోంది. పై పెదవి మీద సన్నగా చెమట పట్టింది. హంసిక ఆ చెమట వంక చూస్తూ కాసేపు కూర్చుని, కంపెనీకి 'సారీ' అని మెయిల్ పెట్టి లేచింది.

సంగతి ఆంటీ నోట్లోంచి జారింది. కావ్యశ్రీ వంటింట్లోకి విసురుగా వచ్చింది.

"నన్నొక మాట అడగాల్నా వద్దా? నా కోసం జాబ్ వదులుకుంటవా?"

"ఇంటర్న్‌షిప్పేగా, ఇంకోటి చూసుకుంటా."

"ఏం చూస్కుంటవ్? పిచ్చిదానివా?"

"నువ్వు లేస్తున్నావ్ కావ్యా," అంది హంసిక పోపు కలుపుతూ. "మధ్యలో ఎలా ఆపెయ్యను?"

కావ్యశ్రీ గిరుక్కున తిరిగింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చెడగొట్టానేమోనని హంసిక పళ్ళెంలో అన్నం మూతపెట్టి ఆ తలుపు ముందు ఉంచింది.

మర్నాడు పొద్దున బాత్రూంలో నీళ్ళ చప్పుడైంది. కాసేపటికి కావ్యశ్రీ తల దువ్వుకుని, బ్యాగు తగిలించుకుని బయటికొచ్చింది.

"అడ్వైజర్‌ని కలిసొస్త."

"నేనూ రానా?"

"వద్దు."

"కోటన్నా వేసుకో. వాన పడుతోంది."

"ఉడకపోస్తున్నది," అని మెట్లు దిగిపోయింది.

హంసిక కిటికీ దగ్గర నిలబడింది. మబ్బు దట్టంగా ఉంది. ఎవరికీ నీడ లేదు. తడి రోడ్డు మీద కావ్యశ్రీకి మాత్రం మధ్యాహ్నం నీడ ఒకటి ఏటవాలుగా, పొడుగ్గా పడుతోంది. ఆమె బస్టాపులో ఆగింది. అక్కడ నిలబడ్డవాళ్ళు ఫోన్ల నుంచి తలెత్తకుండానే ఒక్కొక్కరూ ఆమె వైపు జరిగారు. ఒకాయన చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది.

"డాక్టర్ లెటర్ తెస్తే ఈ సెమిస్టర్ క్లాసులు తగ్గించుకోవచ్చన్నడు. వీసాకేం కాదట. మాట్లాడుతుంటే సారు కుర్చీ నా దిక్కే జరుపుకుంటున్నడు."

హంసిక ఫోన్ చెవిన పెట్టుకునే వెళ్ళి ఎండలో కూర్చుంది.

"హలో? ఉన్నవా?"

"ఉన్నా. వచ్చేటప్పుడు పాలు తెస్తావా? అయిపోయాయి."

"తెస్త. ఇగో, బస్సుల నా పక్కన ఒక ముసలామె కూసున్నది. చేతులు మంచుగడ్డల్లెక్క ఉన్నయి, పట్టుకున్న. ఆమె దిగినంక మళ్ళ చేస్త."