దొరసాని చేపలు

నరసరావుపేటలో ఏ ఇల్లాలైనా దోమల్ని తోలుకుంటుంది. దీనమ్మ మాత్రం పెంచేది. పెరటి గోడవార పగిలిన గోలెంలో నీళ్లు నిలవబెట్టి, అందులో పుట్టిన పురుగుల్ని పాతచీర పేలికతో వడగట్టి చేపలకు మేతగా వేసేది. పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి. పురుగులు దొరకని రోజున ఉడికించిన గుడ్డులో పచ్చసొన చిదిమి వేసేది. ఆ గుడ్డులో తెల్లది మేష్టారికి. దీనమ్మకు పెంకు.

చేపలు దొరసానివి. మిషన్ బంగళాలో ఉండే పెద్ద దొరసాని ఒంట్లో బాగాలేక కొడైకెనాలు కొండకు పోతూ, ఆరు బంగారు చేపలున్న అద్దాల తొట్టిని కృపావరం మేష్టారికి అప్పగించింది. దీనమ్మ భర్త ఆయనే. మిషన్ బడిలో రెండో మేష్టారు. హెడ్మాష్టరు కావాలని ఆశ. నలుగురు మనుషులు తొట్టిని మోసుకొస్తుంటే వెనకాల ఆయన నడిచిన నడక చూసి, పక్కింటి జైనాబ్ బీ, "ఏంది దీనమ్మా, మీ ఆయన పెళ్లికొడుకల్లే నడుస్తన్నాడు!" అంది. దీనమ్మ కూడా నవ్వింది. పెళ్లివారు వెళ్లాక అంట్లు ఎవరు తోమాలో అప్పటికి ఆమెకు తట్టలేదు.

వీధి బావిలో ఉప్పునీళ్లు. అవి పోస్తే చేపలు చస్తాయని మేష్టారు తేల్చాడు కాబట్టి, దూరాన ఉన్న మంచినీళ్ల బావికి ఇంకో రెండు బిందెలు తిరగాలి. పొయ్యి మీద పప్పు ఉప్పునీళ్లలో ఉడక్క మొరాయిస్తుంటే, చేపలు మంచినీళ్లలో హాయిగా ఈదేవి. రోజూ రాళ్ల మీది నాచు గీకాలి. పిల్లి రాకుండా మూత వేయాలి. ఇవన్నీ చేసేది దీనమ్మ. నెలకోసారి కొండ మీదికి ఉత్తరం రాసేది మేష్టారు. చేపలకు స్వయంగా తన చేతులతోనే మేత వేస్తున్నానని ఇంగ్లీషులో రాసి, దీనమ్మకు తెలుగులో చెప్పి మురిసిపోయేవాడు. ఆమె వింటూ, చేతికంటిన నాచు వాసన పోవడానికి చింతపండు రుద్దుకునేది.

రొంపిచెర్ల నుంచి వచ్చిన అత్తగారు తొట్టి చుట్టూ తిరిగి చూసి, "పోన్లే, పెళ్లయిన ఎనిమిదేళ్లకి మావాడి ఇంట్లో పెంచటానికి ఏదోటి వచ్చింది" అంది. ఆ మాటకు మేష్టారు నవ్వాడు. అత్తగారి మాట దీనమ్మ మరిచిపోయింది గానీ ఆ నవ్వును మాత్రం మరవలేకపోయింది.

మేష్టారు గుంటూరులో సభలకని పెట్టె సర్దుకుంటున్న పూట మాచర్లలో దీనమ్మ పుట్టింటి నుంచి కబురొచ్చింది. అమ్మకు పక్షవాతం. మంచంలో ఉంది. పెద్దదాన్ని చూడాలంటోంది.

"ఈ పూట బండికి నేను పోతానండీ."

"పో, ఎవరొద్దన్నారు? మరి వీటి సంగతేంది?"

"జైనాబ్ బీ చూస్తదిలెండి."

"దొరసాని మనల్ని నమ్మి ఇచ్చింది, ఊళ్లోవాళ్లని కాదు. ఒక్క రోజు మేత తప్పిందా, అన్నీ పైకి తేలతయ్యి. ఐదు రోజుల్లో నేనొస్తా. ఐదు రోజులు ఆగలేవా?"

ఆగింది. మొగుడు పోనివ్వలేదనుకోవడం తేలికే. తాళం కప్ప చేతిలోనే ఉంది, స్టేషన్ పిలిస్తే పలికే దూరం. కానీ మర్నాడు బయల్దేరదామని తొట్టి దగ్గరకు వెళ్తే, ఆరూ అద్దానికి మూతులు ఆనించి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఎప్పుడు చూసినా అంతే. అది ఆకలేనని మేష్టారు అన్నాడు, దీనమ్మా నమ్మింది. ఆకలిగా ఉన్నదాన్ని గాలికొదిలి గడప దాటకూడదని చిన్నప్పుడు నేర్పింది అమ్మే. ఇంట్లో గంజి చాలని రోజుల్లో కూడా కోడిపిల్లలకు నూకలు చల్లాకే అమ్మ ముద్ద నోట్లో పెట్టుకునేది. అమ్మ అర్థం చేసుకుంటుంది, ఇంకొక్క రోజే కదా అనుకుంటూ ఆ రోజూ, మరునాడూ పురుగులు వడగట్టింది.

నాలుగో రోజు పొద్దున చావు కబురు వచ్చింది.

ఇంటికి తాళం వేసి తాళంచెవి రొంటిన దోపుకుని స్టేషన్‌కు పరిగెత్తింది. తొట్టి గుర్తుకే రాలేదు. తంతి అందుకుని మేష్టారు అదే బండిలో గుంటూరు నుంచి వస్తున్నాడు. మాచర్లలో దిగాక భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో, పెద్దావిడ, దేవుడు పిలుచుకున్నాడు" అన్నాడు. నాలుగడుగులు వేశాక, "చేపల్ని ఎవరికి అప్పజెప్పావు?" అన్నాడు.

దీనమ్మ చెయ్యి రొంటినున్న తాళంచెవి మీదికి పోయింది.

సమాధి చేసిన సాయంత్రం మొదలైంది వాన. వాగులు పొంగి రైలుకట్ట తెగింది. పదకొండు రోజులు బండి లేదు. మేష్టారు పూటపూటా స్టేషన్‌కు పోయి అడిగి వచ్చి, అరుగు మీద కూర్చుని చచ్చిన చేపల గురించి దొరసానికి ఉత్తరం రాసుకున్నాడు. నా భార్య అజాగ్రత్త వలన, అని మొదలుపెట్టాడు. లోపల చెల్లెలు సుందరి నిండు చూలాలు, మొగుడు యుద్ధంలో ఉన్నాడు. అక్కను పట్టుకుని చెప్పింది. "అమ్మకి మాట పడిపోయిందిగానీ చెవులు పనిచేసినయ్యే అక్కా. బండి కూత పెట్టినప్పుడల్లా తలుపు వంక చూసేది. బండి దిగినోళ్లు ఇళ్లకు చేరేదాకా చూసి కళ్లు మూసుకునేది. మూడు రోజులూ అంతే."

కట్ట బాగుపడిన రోజున సుందరి పురుడు దాకా ఉంటానంది దీనమ్మ. "ముందు వచ్చి ఆ కుళ్లు ఎత్తిపొయ్యి, ఊరంతా కంపుకొడుతుంటది. తర్వాత చూద్దాం" అన్నాడు మేష్టారు.

తాళం తీసేముందే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కంపు లేదు. మేష్టారు లోపలికి పోయి కేక పెట్టాడు. "దేవుడికి స్తోత్రం! ఆరుకి ఆరూ బతికే ఉన్నయ్యే!"

దీనమ్మ వెళ్లి చూసింది. గీకేవాళ్లు లేక రాళ్ల మీద నాచు పచ్చగా పెరిగింది. చేపలు దాన్ని తీరిగ్గా గిల్లుకు తింటున్నాయి. రోజూ తాను గీకి పారేసిన నాచే. ఒక్కటీ చిక్కలేదు. ఆమెను చూసి, అద్దానికి మూతులు ఆనించి ఎప్పటిలాగే నోళ్లు తెరిచాయి, మూశాయి. కడుపు నిండినా అంతే, నిండకపోయినా అంతే.

ఆరింటినీ వేలుపెట్టి లెక్కపెట్టింది. చచ్చి ఉంటే బాగుండేదని మనసారా అనుకుంది. ఒక్కటి చచ్చినా, తాను ఆగినందుకు ఒక అర్థం మిగిలేది.

"చూస్తావేందే, మేత వెయ్యి. పదకొండు రోజుల ఆకలి!" మేష్టారు ఉత్తరాన్ని చించుతూ నవ్వుతున్నాడు. "దొరసానికి రాయాలి, నా చేతి చలవ అని."

దీనమ్మ మూట కింద పెట్టలేదు. పెరట్లోకి వెళ్లి, గోలెం ఒరగదోసి నీళ్లన్నీ మట్టిలోకి పారబోసింది. తిరిగివచ్చి తాళంచెవి రొంటి నుంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మాపటి బండికి మాచర్ల పోతన్నా. సుందరికి పురుడు పోసి, బిడ్డ తల నిలబెట్టాకే వస్తా."

"నీకేమన్నా మతిపోయిందా? మరి చేపలు?"

గడప దాటినదల్లా వెనక్కి తిరిగింది.

"అయ్యి ఆగుతయ్యండీ. మా అమ్మే ఆగలేకపోయింది."